సర్కారు బడి పిల్లల ప్రతిభ ఎవరి కంట పడుతోంది? అవార్డులు, స్కాలర్‌షిప్‌లు అసలు ఎలా పనిచేస్తాయంటే

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు ఏ ఊరి సెంటర్లో చూసినా ఫ్లెక్సీలే, పేపర్ తెరిస్తే ఫుల్ పేజీ యాడ్లే, వాటి నిండా పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు వరసగా పేర్చి ఉంటాయి, అందులో జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలు ఎంతమంది ఉంటారో అందరికీ తెలిసిందే. వాళ్లకి మార్కులు రాకనా అంటే కాదు, 570లూ 580లూ జడ్పీ స్కూళ్లలో కూడా ఏటా వస్తున్నాయి, కాకపోతే ఆ పిల్లల ఫోటో వేయించడానికి వాళ్ల బడికి యాడ్ బడ్జెట్ అంటూ ఉండదు, హెచ్ఎం గారు తన జేబులోంచి తీసి గేటు దగ్గర చిన్న ఫ్లెక్సీ కట్టిస్తే కట్టించినట్టు, లేకపోతే లేదు. దాంతో ఊళ్లో జనానికి "ఫలానా కాన్వెంట్లో బాగా చెప్తారంట" అన్న మాటే చెవిన పడుతుంది, పక్క వీధిలో కూలికెళ్లే వాళ్ల అమ్మాయి గవర్నమెంట్ బడిలో చదివి మండల్ ఫస్ట్ వచ్చిందన్న సంగతి ఆ వీధి దాటదు.

అలాగని ప్రభుత్వాలు ఏమీ చేయట్లేదని కూడా అనలేం. లెక్కేస్తే చాలానే ఉన్నాయి. పిల్లలకి ప్రతిభా అవార్డులు, ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్, సైన్స్ ఐడియాలకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ అవార్డు, స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్లు, టీచర్లకి జిల్లా అవార్డు, స్టేట్ అవార్డు, నేషనల్ అవార్డు. కానీ ఏది ఎవరిస్తారు, ఎవరు అప్లై చేయాలి, ఏది వస్తే పిల్లకి నిజంగా ఉపయోగం, ఏది ఫోటోతో అయిపోతుంది అనేది తల్లిదండ్రులకే కాదు, చాలామంది టీచర్లకి కూడా క్లారిటీ లేదు. నాకు అర్థమైనంతలో ఈ చిక్కంతా ఒక్క ముడి దగ్గరే ఉంది: మన దగ్గర గుర్తింపు అడిగినవాళ్లకే దొరుకుతుంది. అడగడం తెలియని పిల్లలు, అడగడానికి మొహమాటపడే టీచర్లు ఎంత బాగా పనిచేసినా లిస్టులోకి రారు. ఆ ముడి ఎక్కడెక్కడ ఎలా పడిందో చూద్దాం.

ముందు పిల్లల సంగతి. వాళ్లకి వచ్చేవి మూడు రకాలు. ఒకటి సన్మానం, అంటే స్టేజీ మీదకి పిలిచి మెడల్ వేయడం. రెండోది డబ్బు. మూడోది సీటు, అంటే తర్వాత చదువులో ముందు వరసలో చోటు ఇవ్వడం. పేపర్లో మొదటిదే ఎక్కువ కనపడుతుంది, రెండోది అప్పుడప్పుడు కనపడుతుంది, మూడోదాన్ని అసలు ఎవరూ అవార్డు అనే అనుకోరు. పిల్ల జీవితంలో పనికొచ్చే వరస మాత్రం సరిగ్గా దీనికి తలకిందులు.

సన్మానం తీసుకుందాం. ఏపీలో చాలా ఏళ్లపాటు ప్రతిభా అవార్డులు ఉండేవి, అబ్దుల్ కలాం గారి పేరు మీద ఇచ్చేవాళ్లు. 2019 నవంబర్లో ఆ పేరు తీసేసి వైఎస్సార్ విద్యా పురస్కారాలని మార్చుతూ జీవో ఇచ్చారు, గొడవ అవడంతో వెంటనే రద్దు చేశారు. 2023లో జగనన్న ఆణిముత్యాలు అని వచ్చింది, స్కూల్ లెవెల్ నుంచి నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం దాకా అంచెలంచెలుగా, టెన్త్‌లో స్టేట్ ఫస్ట్ వస్తే లక్ష రూపాయలు. ప్రభుత్వం మారాక 2025 జూన్లో షైనింగ్ స్టార్స్ అయింది, మెడల్‌తో పాటు 20,000. ఏ ప్రభుత్వమైనా పిల్లల్ని పిలిచి గౌరవించింది, అది మంచిదే, స్టేజీ మీద నిలబడిన పిల్ల పక్కన వాళ్ల అమ్మ మొహం చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. నా బాధల్లా ఏంటంటే, పేరు, రూల్సు, డబ్బు ఎంత అనేది ప్రతిసారీ మారిపోవడం వల్ల ఎనిమిదో తరగతి పిల్లకి "నువ్వు ఇంత సాధిస్తే నీకు ఇది వస్తుంది" అని టీచర్ నమ్మకంగా చెప్పలేకపోతున్నారు. ముందే తెలిసిన అవార్డు పిల్లని చదివిస్తుంది, రిజల్ట్ వచ్చాక ప్రకటించే అవార్డు సంతోషపెడుతుంది అంతే. ఒక పేరు పెట్టి, రూల్సు రాసి, పదేళ్లు కదపకుండా ఉంచితే చాలు, అది ఎవరి పేరైనా సరే.

ఇప్పుడు డబ్బు సంగతికొద్దాం, ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్తాను, ఎందుకంటే సర్కారు బడి పిల్లల కోసమే పెట్టిన అసలైన మెరిట్ గుర్తింపు ఇదే, దీని గురించే అందరికంటే తక్కువ మాట్లాడుకుంటాం. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, స్కూళ్లలో అందరూ ఎన్ఎంఎంఎస్ అంటారు. కేంద్రం 2008లో మొదలుపెట్టింది. ఏటా దేశం మొత్తం మీద లక్ష మందికి కొత్తగా ఇస్తారు, అందులో ఏపీ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయాలి, గవర్నమెంట్, లోకల్ బాడీ, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలే రాయాలి, ప్రైవేట్ వాళ్లకి లేదు, హాస్టల్, భోజనం అన్నీ ప్రభుత్వమే చూసుకునే రెసిడెన్షియల్ స్కూళ్ల వాళ్లకి కూడా లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. పేపర్లు రెండు, మెంటల్ ఎబిలిటీ 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఏడాదికి 12,000, మొత్తం నాలుగేళ్లకి 48,000. కూలి చేసుకునే ఇంట్లో ఆడపిల్లని టెన్త్ తర్వాత ఆపేద్దామా చదివిద్దామా అని తర్జనభర్జన పడేటప్పుడు ఈ డబ్బు మాట్లాడుతుంది.

మరి ఇక్కడ ముడి ఎక్కడ పడింది? మొదటిది, స్కూల్లో ఎవరో ఒక టీచర్ పూనుకుని అప్లై చేయించాలి. ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ కోసం తల్లిదండ్రులు మీసేవకో సచివాలయానికో తిరగాలి, అంటే ఒక రోజు కూలి పోతుంది. పరీక్షకి ప్రాక్టీస్ చేయించాలి, ఎందుకంటే మెంటల్ ఎబిలిటీ అనేది సిలబస్‌లో ఉండదు, సిరీస్‌లు, కోడింగ్, బొమ్మల్లో తేడాలు పిల్లలకి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్తేనే వస్తాయి. అందుకే కొన్ని హైస్కూళ్లలో ఒక మ్యాథ్స్ సారో సైన్స్ మేడమో పట్టుబట్టి సాయంత్రం గంట సేపు చెప్పించి ఏటా పది పదిహేను మందిని సెలెక్ట్ చేయించుకుంటుంటే, అదే మండలంలో పక్క స్కూల్ నుంచి ఒక్కరు కూడా అప్లై చేసి ఉండరు. ఆ రెండు స్కూళ్ల పిల్లల తెలివిలో తేడా ఏం లేదు. తేడా ఆ ఒక్క టీచరే.

రెండోది సెలెక్ట్ అయ్యాక. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, స్కూల్ లాగిన్లో ఒకసారి, జిల్లా లాగిన్లో ఒకసారి వెరిఫై అవ్వాలి, ఆధార్‌లో పేరు, మెరిట్ లిస్టులో పేరు ఒక్కలా ఉండాలి. మన పేర్లతో ఇదొక పెద్ద తలనొప్పి. స్కూల్ రికార్డులో ఇంటిపేరు మొదటి అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, "లక్ష్మి" ఒకచోట ఒక స్పెల్లింగ్, ఇంకోచోట ఇంకో స్పెల్లింగ్. బ్యాంక్ అకౌంట్‌కి ఆధార్ లింక్ అవ్వకపోతే డబ్బు వెనక్కి పోతుంది. "సార్, మా పాపకి స్కాలర్‌షిప్ వచ్చిందన్నారు కదండీ, ఏడాదైంది ఇంకా పడలేదు" అని తల్లి వచ్చి అడిగితే హెచ్ఎం గారు పోర్టల్ తెరిచి చూసి రెన్యువల్ చేయలేదమ్మా అనడం చాలా స్కూళ్లలో జరిగేదే, ఏటా రెన్యువల్ చేయాలని ఆ తల్లికి ఎవరు చెప్పారు గనక. మూడోది ఇంకా విచిత్రం. టెన్త్‌లో 60 శాతం పైన రావాలి, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం సడలింపు, అది సరే, కానీ ఇంటర్ కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలోనే చదవాలి. బాగా చదివే పిల్ల కనక కార్పొరేట్ కాలేజీ వాడు ఫీజు తగ్గించి పిలుస్తాడు, అటు వెళ్తే స్కాలర్‌షిప్ పోతుంది, ఈ సంగతి చేరేముందు చెప్పేవాళ్లు ఉండరు.

ఇక మూడో రకం, సీటు. నా దృష్టిలో తెలుగు రాష్ట్రాల్లో సర్కారు బడి పిల్లలకి దక్కిన అతి పెద్ద గౌరవం ట్రిపుల్ ఐటీలు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో బాసర, నూజివీడు, ఇడుపులపాయలో పెట్టారు, తర్వాత ఏపీలో శ్రీకాకుళం, ఒంగోలు కలిశాయి. ఎంట్రన్స్ పరీక్ష లేకుండా టెన్త్ మార్కుల మీద ఆరేళ్ల కోర్సులో చేర్చుకోవడం, పైగా రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి డిప్రివేషన్ స్కోరు, అంటే వసతుల్లేకుండా చదివినందుకు అదనపు మార్కులు కలపడం, ఏపీలో 4 శాతం, మార్కుల బదులు జీపీఏ గ్రేడ్లు ఇచ్చిన రోజుల్లో 0.4 పాయింట్లు. ట్యూషన్ లేకుండా, ఇంట్లో చెప్పేవాళ్లు లేకుండా, ఒక్కోసారి సబ్జెక్ట్ టీచరే లేకుండా చదివి తెచ్చుకున్న 540కి, అన్నీ అమర్చిన చోట తెచ్చుకున్న 560కి తేడా ఉందని ప్రభుత్వం లెక్కల్లో ఒప్పుకున్న చోటు ఇదొక్కటే. తమిళనాడు ఇంకో అడుగు ముందుకేసి 2020లో చట్టమే చేసింది, ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి నీట్ పాసైన పిల్లలకి మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా, మద్రాస్ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటిది మెడిసిన్‌కి ఎందుకు లేదు అనే ప్రశ్న ఎవరో ఒకరు గట్టిగా అడగాలి. డిప్రివేషన్ స్కోరులో గొప్పతనం ఏంటంటే దానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, ఫైల్ పెట్టక్కర్లేదు, అర్హత ఉంటే దానంతట అదే కలుస్తుంది.

టీచర్ల విషయంలో ముడి ఇంకా బిగుసుకుని ఉంది. నేషనల్ అవార్డులు 1958లో మొదలయ్యాయి. ఒకప్పుడు ఏటా 300 మందికి పైగా ఇచ్చేవాళ్లు, రాష్ట్రాలు పేర్లు పంపితే దాదాపు అవే ఖాయం, పైరవీలు జరుగుతాయనే మాట ఎప్పుడూ ఉండేది. 2018లో కేంద్రం మొత్తం మార్చేసింది. సంఖ్య యాభై లోపుకి తగ్గించి, టీచరే ఆన్‌లైన్‌లో స్వయంగా అప్లై చేసుకునేలా పెట్టింది. జిల్లా కమిటీ మూడు పేర్లు పంపుతుంది, రాష్ట్ర కమిటీ వాటిని వడపోస్తుంది, చివర్లో ఢిల్లీ జ్యూరీ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. కనీసం పదేళ్ల రెగ్యులర్ సర్వీస్ ఉండాలి, ట్యూషన్లు చెప్పేవాళ్లు పనికిరారు. వస్తే సెప్టెంబర్ 5న రాష్ట్రపతి చేతుల మీదుగా సర్టిఫికెట్, వెండి పతకం, 50,000 రూపాయలు. పైరవీ తగ్గించడానికి ఇది మంచి మార్పే, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ స్వయంగా అప్లై చేసుకోవడం అంటే ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడండి. జిల్లా, రాష్ట్ర అవార్డులకైనా అంతే, ఒక ఫైల్ తయారుచేయాలి. చేసిన ప్రతి కార్యక్రమం ఫోటోలు, పేపర్ కటింగ్‌లు, దాతల దగ్గర తెచ్చిన విరాళాల రసీదులు, పాల్గొన్న ట్రైనింగుల సర్టిఫికెట్లు, రిజల్ట్ శాతాలు, వీడియోలు. ఇవన్నీ ఉండాలంటే మొదటి రోజు నుంచే ఫోటోలు తీసుకుంటూ ఉండాలి, ఎవరితోనైనా తీయించుకుంటూ ఉండాలి. ఒకే టీచర్ ఉన్న బడిలో ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, ఒక గుంపుకి ఎక్కాలు రాయమని చెప్పి ఇంకో గుంపుకి గుణింతాలు దిద్దించే ఎస్జీటీకి, అంటే ప్రైమరీ టీచర్‌కి, ఫోటో తీసేది ఎవరు? బాగా చెప్పే టీచర్లలో చాలామంది స్వభావం కూడా వేరు, "నా పని నేను చేశాను, దానికి నేనే పోయి నాకు అవార్డు ఇవ్వండి అని అడగాలా" అని ఊరుకుంటారు. వాళ్ల దగ్గర చదువుకున్న పిల్లలు ముప్పై ఏళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టి పాదాలకి దండం పెడతారు, శాఖ రికార్డులో మాత్రం వాళ్ల పేరు పక్కన ఏమీ ఉండదు. అవార్డు వచ్చినవాళ్లు అనర్హులని నేను అనట్లేదు, వాళ్లలో నిజంగా రత్నాల్లాంటి వాళ్లున్నారు. అప్లై చేయనివాళ్లని చూసే కన్ను ఈ పద్ధతిలో లేదు అంటున్నాను. దేశంలో లక్షల మంది ప్రభుత్వ టీచర్లుంటే ఢిల్లీలో చోటు యాభై మందికే, కాబట్టి అసలు గుర్తింపు మండలంలోనూ ఊళ్లోనూ జరగాలి, ఢిల్లీ దాకా ఎదురుచూస్తే కుదరదు.

ఇంకో పెద్ద చిక్కు కొలత. దేన్ని చూసి ఇది మంచి స్కూలు, ఈయన మంచి సారు అంటాం? పాస్ పర్సెంటేజ్ చూసి. 2025లో టెన్త్ పాస్ శాతం తెలంగాణలో 92.78, ఏపీలో 81.14, రిజల్ట్ రాగానే జిల్లాల వారీగా ర్యాంకులు, అట్టడుగున ఉన్న జిల్లా విద్యాధికారి డీఈఓకి అక్షింతలు, ఆయన నుంచి మండల అధికారి ఎంఈఓకి, అక్కడ్నుంచి హెచ్ఎంకి. నూరు శాతం వచ్చిన స్కూలుకి సన్మానం. ఇందులో ఒక స్కూల్లో పన్నెండు మంది పిల్లలున్నారా, నూట ఇరవై మంది ఉన్నారా అనేది చూడరు. బడి మానేసి ఇటుక బట్టీకి పోయిన పిల్లాణ్ని వెతికి తెచ్చి, కూర్చోబెట్టి, పరీక్ష రాయించిన టీచర్‌కి ఆ పిల్లాడు ఫెయిలైతే రిజల్ట్ పడిపోతుంది, వాణ్ని అసలు వెతక్కుండా వదిలేసిన టీచర్‌కి నూరు శాతం వస్తుంది. ఇద్దర్లో ఎవరు మంచి పని చేశారో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు, మన లెక్క మాత్రం తిరగేసి చెప్తుంది.

ర్యాంకుల పిచ్చి తగ్గించడానికే 2012లో ఉమ్మడి రాష్ట్రంలో టెన్త్‌కి గ్రేడ్లు తెచ్చారు. ఏపీ 2022లో మళ్లీ మార్కులకి వెళ్లింది, అదే సమయంలో ఎవరైనా ర్యాంకులు ప్రకటించి యాడ్లు వేస్తే 1997 నాటి పరీక్షల చట్టం కింద మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా అని జీవో ఇచ్చింది. తెలంగాణ కూడా 2025 నుంచి జీపీఏ తీసేసి మార్కులే ఇస్తోంది. రూలు పుస్తకంలో ఉంది, యాడ్లు ఎప్పట్లానే వస్తున్నాయి. వాటిని ఆపడం ఒక్కటే చాలదు, ఆ ఖాళీలోకి సర్కారు బడి పిల్లల కథలు కూడా రావాలి.

స్టాఫ్ అంటే టీచర్లే అనుకోవడం ఇంకో పొరపాటు. పొద్దున్నే పొయ్యి వెలిగించి వందమందికి వండి పెట్టే అక్కలకి ఏపీలో నెలకి 3,000 గౌరవ వేతనం, అందులో కేంద్రం నిర్ణయించిన మొత్తం 2009 నుంచి నెలకి 1,000 దగ్గరే ఆగిపోయింది, అదీ ఏడాదికి పది నెలలే. మరుగుదొడ్లు కడిగే ఆయాలకి 6,000. ఆడపిల్లలు బడి మానకుండా ఉండటంలో శుభ్రమైన టాయిలెట్ ఎంత పని చేస్తుందో ఏ హైస్కూల్ మేడమ్‌ని అడిగినా చెప్తుంది. ఆగస్టు 15న స్టేజీ మీద వీళ్లని పిలిచి శాలువా కప్పిన స్కూళ్లు అక్కడక్కడా ఉన్నాయి, ఆ హెచ్ఎంలకి చేతులెత్తి దండం పెట్టాలి. అయితే వీళ్ల విషయంలో మాత్రం శాలువా కంటే ముందు జీతం నెలనెలా టైముకి పడటమే గౌరవం, బిల్లులు మూడు నాలుగు నెలలు ఆగినప్పుడు కూడా అప్పు తెచ్చి సరుకులు కొని వండుతున్న వాళ్లు వీళ్లు.

అడక్కుండా వెతికితే ఏమవుతుందో చూపించిన ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరి నుంచి సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు, ఖమ్మం జిల్లాకి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా తోడుగా శిఖరం చేరాడు. పూర్ణ వెళ్లి నన్ను కొండ ఎక్కించండి అని ఎక్కడా అప్లికేషన్ పెట్టుకోలేదు. గురుకులాల వాళ్లే పిల్లల్ని చూసి ఏరి, భువనగిరి కొండ దగ్గర రాక్ క్లైంబింగ్ నేర్పించి, అందులోంచి మళ్లీ ఏరి డార్జిలింగ్, లదాఖ్ పంపి, చివరికి ఇద్దర్ని ఎవరెస్ట్‌కి పంపారు. అప్పట్లో ఆ గురుకులాల సొసైటీ సెక్రటరీగా ఉన్న ప్రవీణ్ కుమార్, కోచ్ శేఖర్ బాబు వీళ్లంతా కలిసి చేసింది వెతకడమే. సంక్షేమ హాస్టల్ అంటే చిన్నచూపు చూసే జనం ఆ ఒక్క ఫోటోతో గురుకులాల వైపు తలెత్తి చూశారు, ఆ తర్వాత గురుకులం సీటు కోసం పోటీ ఎంత పెరిగిందో ఇంట్లో ఐదో తరగతి పిల్లలున్న వాళ్లందరికీ తెలుసు.

ఇలాంటి వెతుకులాట ప్రతి ఊళ్లో జరగడానికి ఎవరెస్ట్ అక్కర్లేదు. పాత హైస్కూళ్లలో హెచ్ఎం రూమ్ గోడ మీద ఒక చెక్క బోర్డు ఉంటుంది, 1960ల నుంచి ఏ ఏడు ఎవరు స్కూల్ ఫస్ట్, ఎన్ని మార్కులు అని పెయింట్‌తో రాసి. చాలాచోట్ల పదేళ్ల కిందటో పదిహేనేళ్ల కిందటో ఆగిపోయింది, రాయించడానికి ఎవరూ పట్టించుకోలేదు. స్కూల్ కమిటీ వాళ్లు, పూర్వ విద్యార్థులు కలిసి దాన్ని మళ్లీ రాయించొచ్చు, ఈసారి ఫస్ట్ మార్కులు ఒక్కటే కాకుండా ఎన్ఎంఎంఎస్ వచ్చినవాళ్లు, ట్రిపుల్ ఐటీ సీటు కొట్టినవాళ్లు, ఇన్‌స్పైర్‌లో ఐడియా సెలెక్ట్ అయి 10,000 అందుకున్నవాళ్లు, స్కూల్ గేమ్స్‌లో స్టేట్‌కి ఆడినవాళ్లు, మానేసి మళ్లీ వచ్చి పాసైనవాళ్లు, అందరివీ. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న పూర్వ విద్యార్థులు ఏటా ఊరి బడికి బెంచీలు, ఫ్యాన్లు పంపుతున్నారు, దాంతో పాటు ఎనిమిదో తరగతి పిల్లలకి వారానికి రెండు రోజులు ఆన్‌లైన్‌లో మెంటల్ ఎబిలిటీ చెప్పినా ఆ బడి నుంచి నలుగురు ఎక్కువ సెలెక్ట్ అవుతారు. టీచర్ల విషయంలో కూడా టీచర్‌ని అడగడం మానేసి పిల్లల తల్లిదండ్రుల కమిటీని అడగాలి, "మీ బడిలో మీ పిల్లకి చదవడం నేర్పింది ఎవరు" అని, వాళ్లు చెప్పే పేరు మండలానికి వెళ్లాలి, ఫైల్ తయారుచేసే పని చుట్టుపక్కల బడుల్ని కలిపి చూసే క్లస్టర్ వాళ్లు చేయాలి.

ఈలోపు మీ ఇంట్లోనో, మీ పనిమనిషి ఇంట్లోనో, మీ ఊళ్లో తెలిసినవాళ్ల ఇంట్లోనో గవర్నమెంట్ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఉంటే వాళ్ల హెచ్ఎం గారిని ఈ వారమే అడగండి, ఎన్ఎంఎంఎస్‌కి అప్లై చేయిస్తున్నారా అని. పరీక్ష సాధారణంగా నవంబర్ చివర్లోనో డిసెంబర్‌లోనో ఉంటుంది, అప్లికేషన్లు అంతకు రెండు మూడు నెలల ముందే అయిపోతాయి, కాబట్టి ఆదాయం సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోవాలి, ఆధార్‌లో పేరు, స్కూల్ రికార్డులో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోవాలి, పిల్ల పేరు మీద బ్యాంక్ అకౌంట్ తెరిచి ఆధార్ లింక్ చేయించాలి. తొమ్మిదో తరగతికి వచ్చి ఇప్పటికే సెలెక్ట్ అయిన పిల్ల ఉంటే రెన్యువల్ అయ్యిందా అని పోర్టల్లో ఒకసారి చూసి పెట్టండి, వాళ్ల అమ్మానాన్నలకి అది చూడటం రాకపోవచ్చు.